లాటరీ ఫలితాన్ని కింది నుంచి పైకి చదవండి

మా కోయంబత్తూరు నుంచి కేరళ సరిహద్దులోని వాళయారుకు గంట ప్రయాణం కూడా లేదు. గురువాయూరు దర్శనానికి వెళ్ళే మన కుటుంబాలు దారిలో వాళయారులో కారు ఆపి కాఫీ తాగడం ఎంత మామూలో, ఆ పక్క కొట్లో ఒక లాటరీ టికెట్టు కొనడమూ అంతే మామూలు. ఇంటికి వచ్చాక ఆ టికెట్టు కొందరి ఇళ్ళలో దేవుడి పటం వెనక్కి, కొందరి ఇళ్ళలో బీరువాలో చీరల మడతల్లోకి చేరుతుంది. డ్రా రోజు సాయంత్రం నాలుగు దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "బాబాయ్, మన నంబరుకు ఏమైనా వచ్చిందేమో కాస్త చూస్తారా?" అని. బ్యాంకులో పనిచేసేవాడికి డబ్బుతో సంబంధమున్న ప్రతి సంగతీ తెలిసి ఉంటుందని మన వాళ్ళ నమ్మకం.

నేను లాటరీ టికెట్టు కొనను. ఆ సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. కొనని మనిషి ఇతరుల టికెట్లను కళ్ళద్దాలు తుడుచుకుని మరీ ఎందుకు చూస్తాడని మా ఆవిడ అప్పుడప్పుడూ వేళాకోళం చేస్తుంది. దానికి కారణం ఉంది. ముందు అది చెప్పి, తర్వాత టికెట్టు చూసే పద్ధతికి వస్తాను.

చెత్తబుట్టలో పడిన ఐదు వేలు

1996 నాటి మాట. బి.కాం. పూర్తిచేసి, పరీక్ష రాసి, బ్యాంకులో గుమాస్తాగా చేరి రెండేళ్ళయింది. తమిళనాడులో అప్పుడు లాటరీలకు అడ్డు లేదు. దేశంలోని నానా రాష్ట్రాల టికెట్లూ గాంధీపురం బస్టాండు చుట్టుపక్కల కొట్లకు తోరణాల్లా వేలాడుతుండేవి. మా శాఖలో ఒక అటెండరు ఉండేవాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడే మనిషే గాని, తెలుగు అక్షరాలు రావు; తమిళం కూడబలుక్కుని చదివేవాడు. జీతం అందిన రోజున ఒక టికెట్టు కొనేవాడు. ఒక్కటే. దానితో ఆ నెల కోటా అయిపోయేది.

ఒకనాటి ఉదయం అతను టికెట్టూ, ఫలితాలు అచ్చయిన కాగితమూ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "కాస్త చూసి చెప్పండి సార్" అన్నాడు. కౌంటరు ముందు జనం ఉన్నారు. కాగితం పైభాగాన పెద్ద అక్షరాల్లో ఉన్న మొదటి బహుమతి నంబరు చూశాను, టికెట్టు చూశాను, "లేదు" అన్నాను. అర నిమిషం కూడా పట్టలేదు. అతను టికెట్టును నలిపి నా బల్ల కింద ఉన్న బుట్టలో వేసి, లెడ్జర్లు తేవడానికి వెళ్ళిపోయాడు.

మూడో రోజున ఆ టికెట్టు అమ్మిన కొట్టతను వెతుక్కుంటూ బ్యాంకుకు వచ్చాడు. తాము అమ్మిన టికెట్టుకు ప్రైజు తగిలితే అమ్మినవాళ్ళకూ కమీషను ఉంటుంది కాబట్టి, ఎవరికి ఏ నంబరు పోయిందో వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. అటెండరు టికెట్టులోని చివరి నాలుగు అంకెలకు ఐదు వేల రూపాయల బహుమతి వచ్చిందట. ఆ నంబరు అదే కాగితంలో, కింది వరసల్లో, చిన్న అక్షరాల్లో ఉంది. నా బల్ల కింది బుట్టను ఆ సాయంత్రమే మునిసిపాలిటీ బండిలో ఖాళీ చేసిన మనిషి కూడా అతనే.

ఐదు వేలంటే అతనికి అప్పట్లో ఒక నెల జీతానికి పైమాటే. కూతురి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదని శాఖలో అందరికీ తెలుసు. నేను నోట మాట లేక నిలబడ్డాను. అతను ఒక్కటే అన్నాడు. "పోనీండి సార్. మీరు పైన చూశారు, నాది కింద ఉంది." నా జీతంలోంచి ఇస్తానంటే తీసుకోలేదు. మరుసటి నెల మళ్ళీ టికెట్టు తెచ్చి నా చేతికే ఇచ్చాడు. "మెల్లగా చూడండి సార్" అన్నాడు.

ఆనాటి నుంచి నేను ఏ ఫలితాన్నయినా కింది నుంచి పైకి చదువుతాను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి కూడా అదే. లక్షలూ కోట్లూ పైన ఉంటాయి. మనలాంటివాళ్ళకు నిజంగా తగిలేవి కింది వరసల్లో ఉంటాయి.

టికెట్టు మీద ఏముంటుంది

మన దేశంలో లాటరీలను రాష్ట్ర ప్రభుత్వాలే నడపాలి. దీనికి 1998లో లాటరీల నియంత్రణ చట్టం వచ్చింది. టికెట్టు మీద ఆ రాష్ట్రం ముద్ర ఉండాలి, డ్రాను ఆ రాష్ట్ర ప్రభుత్వమే తన రాష్ట్రంలోనే జరపాలి, ఒక్క అంకె మీద గానీ ముందే ప్రకటించిన నంబరు మీద గానీ బహుమతి పెట్టకూడదు, ఒక లాటరీకి వారానికి ఒక డ్రాకు మించకూడదు, బంపర్ డ్రాలు ఏడాదికి ఆరుకు మించకూడదు అని అందులో ఉంది. ఒంటి అంకె లాటరీలలో కూలి డబ్బులన్నీ పోగొట్టుకున్న కుటుంబాలను మన పేటల్లోనే చూశాం. ఆ నిబంధన ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

మా ప్రాంతం వాళ్ళకు చేరువలో ఉన్నది కేరళ లాటరీ కాబట్టి దానినే ఉదాహరణగా తీసుకుంటాను. అది 1967లో మొదలైంది. మొదటి టికెట్టు ధర ఒక రూపాయి, మొదటి బహుమతి యాభై వేలు. ఆ తొలి డ్రా 1968 జనవరి 26న జరిగింది. 2025 మే నెలలో వారపు లాటరీలను సవరించి టికెట్టు ధర 50 రూపాయలు, మొదటి బహుమతి కోటి రూపాయలు చేశారు. వారంలో ఒక్కో రోజుకు ఒక్కో పేరు. శనివారంది కారుణ్య, గురువారంది కారుణ్య ప్లస్. ఇవిగాక ఓణం, విషు, క్రిస్మస్, పూజ, వేసవి, వర్షాకాలం పేర్లతో ఏడాదికి ఆరు బంపర్లు. డ్రా తిరువనంతపురంలో, న్యాయనిర్ణేతల ఎదుట, యంత్రం మీద అంకెలు తిప్పి మధ్యాహ్నం జరుపుతారు.

టికెట్టు చేతికి రాగానే చూడవలసినవి నాలుగు. మొదటిది లాటరీ పేరు. రెండోది డ్రా తేదీ, డ్రా సంఖ్య. మూడోది సీరీస్, అంటే నంబరుకు ముందుండే రెండు ఇంగ్లీషు అక్షరాలు. నాలుగోది ఆరు అంకెల నంబరు. ఇవిగాక ఒక క్యూఆర్ కోడు ఉంటుంది. అది టికెట్టు అసలుదో నకిలీదో తేల్చడానికి. వెనకవైపు బహుమతుల పట్టిక, నిబంధనలు అచ్చువేసి ఉంటాయి. టికెట్టు కొన్నవాళ్ళలో ఆ వెనకవైపు చదివినవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు.

తేదీ చూడడంలో పొరపాటు చాలామందికి జరుగుతుంది. మా చుట్టాలమ్మాయి ఒకతె ఒక శనివారం సాయంత్రం ఫోను చేసింది. "బాబాయ్, మన నాలుగంకెలకు ఐదు వేలు వచ్చాయి. కొత్త గ్రైండరు ధర కూడా అడిగేశాను" అంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది సంగతి. ఫలితం మీద తేదీ చదవమన్నాను. చదివింది. అది ముందు శనివారం ఫలితం. లాటరీ పేరు అదే, వారం అదే, తేదీ ఒక్కటే వేరు. గ్రైండరు పాతదే తిరుగుతోంది.

ఫలితం చదివే పద్ధతి

వారపు లాటరీలో సాధారణంగా పన్నెండు సీరీస్‌లు ఉంటాయి. ఒక్కో సీరీస్‌లో 100000 నుంచి 999999 వరకు తొమ్మిది లక్షల టికెట్లు. మొత్తం ఒక కోటి ఎనిమిది లక్షలు. ఒకే ఆరంకెల నంబరు పన్నెండు సీరీస్‌లలోనూ ఉంటుందన్న మాట. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఫలితం మొత్తం తేటగా అర్థమవుతుంది.

ఊహకు ఒక టికెట్టు తీసుకుందాం. సీరీస్ 'కె ఎ', నంబరు 482735. ఇప్పుడు ఫలితాన్ని కింది నుంచి చూద్దాం.

కింది బహుమతులకు ఫలితంలో నాలుగేసి అంకెలే ఉంటాయి. నూరు రూపాయల దగ్గర మొదలై రెండు వందలు, ఐదు వందలు, వేయి, ఇలా ఐదు వేల వరకు ఇవే. ఇక్కడ అక్షరాలతో పని లేదు. మన టికెట్టు చివరి నాలుగు అంకెలు 2735. ఆ నాలుగూ అదే వరసలో ఉంటే బహుమతి ఉన్నట్టు. 2753 ఉంటే లేనట్టే, వరస మారకూడదు. ఒక్కో మొత్తానికి ఒకటి కాదు, చాలా నాలుగంకెల నంబర్లు తీస్తారు. అందుకే ఫలితంలో ఎక్కువ భాగం ఈ చిన్న అక్షరాల వరసలే. సాధారణంగా వాటిని చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరసగా అచ్చువేస్తారు కనుక వెతకడం తేలిక. ప్రతి మొత్తం కిందా విడివిడిగా వెతకాలి. ఐదు వందల వరసలో లేదని వదిలేయకూడదు. వేయి వరసలో ఉండవచ్చు.

పైకి వెళ్తే పెద్ద బహుమతులు. వీటికి రెండు అక్షరాలూ, ఆరు అంకెలూ, అన్నీ కలవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ బహుమతి మనది కాదు.

అయితే ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మొదటి బహుమతి 'కె డి 482735'కు వచ్చిందనుకోండి. మన 'కె ఎ'కి ఆరు అంకెలూ కలిశాయి, అక్షరం కలవలేదు. ఇలాంటి మిగిలిన పదకొండు టికెట్లకు సమాధాన బహుమతి అని కొంత మొత్తం ఇస్తారు. కోటి చూసిన కంటికి అది ఆనదు గాని, టికెట్టు చించి పారేసేవాళ్ళు ఆ వేలు కూడా పోగొట్టుకుంటారు.

బంపర్లలో సీరీస్‌ల సంఖ్యా, బహుమతుల పట్టికా వేరుగా ఉంటాయి. మహారాష్ట్రలోని మన పాఠకులకు అక్కడి రాష్ట్ర లాటరీ 1969 నుంచీ ఉంది; దాని పట్టిక వేరు. కాబట్టి ఏ టికెట్టయినా దాని వెనక ఉన్న పట్టిక పక్కన పెట్టుకునే చూడాలి. ఒక లాటరీ లెక్కతో మరొక దాన్ని చూడకూడదు.

చివరిగా ఒక మాట. పేపర్లో, సెల్‌ఫోనులో, కొట్టు ముందు అంటించిన కాగితంలో వచ్చేవన్నీ ఎత్తిరాసినవే. ఎత్తిరాతలో తప్పు దొర్లవచ్చు. బ్యాంకులో రోజూ చూసేవాణ్ణి, అంకెలు ఎత్తిరాయడంలో ఎన్ని తప్పులు వస్తాయో నాకు తెలుసు. కేరళ ప్రభుత్వ గెజిట్‌లో అచ్చయినదే అధికారిక ఫలితం. లాటరీ శాఖ సొంత వెబ్‌సైటు చూసి, పెద్ద మొత్తమైతే గెజిట్‌తో సరిపోల్చుకున్నాకే నమ్మాలి. లేదనుకున్నప్పుడు కూడా రెండోసారి చూశాకే టికెట్టు పారేయాలి. వీలుంటే ఆ రెండోసారి ఇంకొకరి చేత చూపించండి. మా దగ్గర పెద్ద మొత్తం చెల్లింపులకు ఇద్దరి సంతకాలు ఉండేది ఇందుకే.

ప్రైజు తగిలితే చేయవలసినది

మొట్టమొదట టికెట్టు వెనక మీ పేరు, చిరునామా రాసి సంతకం చేయండి. సంతకం లేని టికెట్టు ఎవరి చేతిలో ఉంటే వారిదే అన్నట్టు. తర్వాత రెండువైపులా ఫోటో తీసుకుని, జెరాక్స్ చేయించి పెట్టుకోండి. టికెట్టును మడవకండి, లామినేషన్ చేయించకండి. చిరిగినా, అంకె చెరిగినా, దిద్దినట్టు కనిపించినా బహుమతి నిలిచిపోతుంది. అంకె దిద్దిన టికెట్లు ఇచ్చి, చూపు సరిగా లేని చిన్న అమ్మకందార్ల దగ్గర డబ్బు తీసుకుపోయిన మోసాలు కేరళలో ఎన్నోసార్లు వార్తల్లోకి వచ్చాయి. అందుకే తనిఖీ గట్టిగా ఉంటుంది.

గడువు డ్రా రోజు నుంచి 30 రోజులు. ఎవరూ అడగని బహుమతి సొమ్ము ప్రభుత్వానికే చెందుతుందని చట్టంలోనే ఉంది. చీరల మడతల్లో దాచినవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

కేరళలో ఐదు వేల రూపాయల వరకు ఏ లాటరీ కొట్టులోనైనా తీసుకోవచ్చు. అంతకు మించితే టికెట్టును లాటరీ కార్యాలయంలో ఒప్పజెప్పాలి. మొత్తాన్ని బట్టి జిల్లా కార్యాలయమా, పై కార్యాలయమా అన్నది ఉంటుంది. నిర్ణీత దరఖాస్తు, గుర్తింపు కార్డు, పాన్ కార్డు నకలు, ధ్రువీకరించిన ఫోటోలు, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు కావాలి. పెద్ద బహుమతి టికెట్టును మీ బ్యాంకు ద్వారా కూడా పంపవచ్చు. చాలామందికి తెలియని దారి ఇది. బ్యాంకు టికెట్టు తీసుకుని రసీదు ఇస్తుంది, ధ్రువపత్రంతో లాటరీ శాఖకు పంపుతుంది, సొమ్ము మీ ఖాతాలో పడుతుంది. టికెట్టు జేబులో పెట్టుకుని రైలెక్కి తిరువనంతపురం వెళ్ళడం కంటే ఇది ఎంతో భద్రం.

ఇతర రాష్ట్రాల వాళ్ళను ఒక ప్రశ్న అదనంగా అడుగుతారు. కేరళకు ఏ పని మీద వచ్చారు, టికెట్టు ఎక్కడ కొన్నారు అని. దానికి నోటరీ చేయించిన వివరణ ఇవ్వాలి. 2023 ఓణం బంపర్ 25 కోట్లు వాళయారులో టికెట్టు కొన్న తిరుప్పూరు ప్రాంతపు నలుగురు మిత్రులకు వచ్చింది. ఆ టికెట్టు తమిళనాడులో దొంగచాటుగా అమ్మినదని ఎవరో ఫిర్యాదు కూడా చేశారు. 2024 ఓణం బంపర్ కర్ణాటకలో మండ్య జిల్లా పాండవపురానికి చెందిన ఒక మెకానిక్కుకు వచ్చింది. ఆ టికెట్టు వయనాడులో కొన్నది. అందుకే టికెట్టు కొన్న రోజు బస్సు చీటీనో, హోటలు బిల్లునో దానితోపాటు దాచడం మంచిది. నలుగురు కలిసి కొంటే డ్రాకు ముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసి, నలుగురూ సంతకాలు చేసుకోండి. డ్రా తర్వాత రాసుకునే కాగితాల మీద స్నేహాలు నిలవవు.

ఇంకొకటి. మీ బహుమతి టికెట్టును కొంచెం ఎక్కువ ఇచ్చి కొంటామని వచ్చేవాళ్ళు ఉంటారు. పన్ను లేకుండా రొక్కం చేతిలో పెడతామంటారు. అది వాళ్ళ లెక్కలేని డబ్బును లెక్కలోకి తెచ్చుకునే ఉపాయం. ఆ రొక్కం ఎక్కడిదని రేపు అడిగేది మిమ్మల్నే.

కోటిలో చేతికి వచ్చేది

కోటి రూపాయల బహుమతి అంటే కోటి ఖాతాలో పడదు. ముందు టికెట్టు అమ్మిన ఏజెంటు కమీషను తీస్తారు; అది నూటికి పది అనుకుంటే పది లక్షలు. మిగిలిన తొంభై లక్షల మీద నూటికి ముప్ఫై చొప్పున ఆదాయపు పన్ను 27 లక్షలు మూలంలోనే కోస్తారు. ఖాతాలో పడేది 63 లక్షలు. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. కాని ఆదాయం యాభై లక్షలు దాటింది కాబట్టి ఆ పన్ను మీద పది శాతం సర్‌చార్జి, 2,70,000. ఆ రెంటి మీద నాలుగు శాతం సెస్సు, 1,18,800. ఈ 3,88,800 తర్వాత మనమే కట్టాలి. ఇతర ఆదాయం పెద్దగా లేదనుకుంటే చివరికి మిగిలేది 59,11,200 రూపాయలు. 63 లక్షలకూ ఇల్లు బేరం చేసి బయానా ఇచ్చినవాళ్ళు ఈ దగ్గరే ఇరుక్కుంటారు.

మామూలు ఆదాయానికి ఉండే పన్నులేని పరిమితి గానీ, భీమా, పి.ఎఫ్. మినహాయింపులు గానీ లాటరీ సొమ్ముకు వర్తించవు. ఏళ్ళ తరబడి తగలని టికెట్ల ఖర్చు చూపించి తగ్గించుకుందామన్నా ఒప్పుకోరు. పది వేల లోపు బహుమతికి మూలంలో కోత ఉండదు గాని, రిటర్ను దాఖలు చేసేవారు దానిని కూడా చూపాలి.

ఎక్కడ కొనవచ్చు, ఎక్కడ కొనకూడదు

తమిళనాడులో 1968లో అణ్ణాదురై ముఖ్యమంత్రిగా ఉండగా ప్రభుత్వమే లాటరీ మొదలుపెట్టింది. అదే తమిళనాడు 2003 జనవరిలో లాటరీలన్నింటినీ నిషేధించింది. కర్ణాటకలో 2007 నుంచి నిషేధం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ అమ్మకానికి వీలు లేదు. తన గడ్డ మీద ఇతర రాష్ట్రాల టికెట్లు అమ్మకుండా ఆపే అధికారం 1998 చట్టమే రాష్ట్రాలకు ఇచ్చింది. కేరళ టికెట్టు కేరళలోనే, కాగితం రూపంలోనే అమ్ముతారు, ఆన్‌లైనులో అమ్మరు. వాట్సాప్‌లో ఫోటో పంపి, టికెట్టు మీ పేరిట దాచి ఉంచామని డబ్బు అడిగేవాళ్ళ దగ్గర మీకున్నది ఫోటో మాత్రమే. ఫోటోకు ఎవరూ బహుమతి ఇవ్వరు.

టికెట్టు లేని బహుమతి

మూడేళ్ళ కిందట ఒక ఉదయం, ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దావిడ ఒకరు మా శాఖకు వచ్చారు. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్నారు. లక్షా ఎనభై వేల డిపాజిట్టు గడువుకు ముందే తీసేయాలన్నారు. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. వడ్డీ నష్టం వస్తుందన్నా ఫరవాలేదన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాక మెల్లగా సెల్‌ఫోను చూపించారు. ఒక టీవీ కార్యక్రమం పేరుతో ఇరవై ఐదు లక్షల లాటరీ తగిలిందని సందేశం. దానిలో రిజర్వు బ్యాంకు ముద్ర, ఎవరిదో సంతకం. పన్ను ముందుగా కడితేనే సొమ్ము విడుదల అవుతుందట. ఎవరితోనూ చెప్పవద్దని కూడా రాశారు.

"అమ్మా, టికెట్టు ఏదీ?" అని అడిగాను.

ఆవిడ నా వైపు చూశారు. "నేను టికెట్టు కొనలేదు బాబూ" అన్నారు. ఆ మాట అన్నాక ఆవిడకే అర్థమైంది. డిపాజిట్టు రసీదు తిరిగి సంచిలో పెట్టుకున్నారు. అప్పటికే 'రిజిస్ట్రేషను' పేరుతో పన్నెండు వేలు పంపేశారని తర్వాత చెప్పారు. 1930కి ఫోను చేసి ఫిర్యాదు రాయించాం. ఆ పన్నెండు వేలు తిరిగి రాలేదు. లక్షా ఎనభై వేలు నిలిచాయి.

ఇంట్లో పెద్దవాళ్ళకు రెండు ముక్కలు నేర్పండి. కొనని టికెట్టుకు బహుమతి రాదు. నిజమైన బహుమతిలోంచి పన్ను కోసుకుని మిగిలింది ఇస్తారే గాని, ముందు మీరు కట్టండి అని ఎవరూ అడగరు. విదేశీ లాటరీ అన్నా ఇదే మాట. వాటిలో పాల్గొనడానికి ఇక్కడి నుంచి డబ్బు పంపడం ఫెమా నిబంధనల ప్రకారం నిషేధం.

ఆశకూ ఒక లెక్క

కోటీ ఎనిమిది లక్షల టికెట్లలో మొదటి బహుమతి ఒక్కటి. రోజుకొక టికెట్టు కొనేవాడికి సగటున 29,589 ఏళ్ళకు ఒకసారి అది తగలాలి. అదే కింది వరసలో తీసే ఒక్కో నాలుగంకెల నంబరూ పన్నెండు సీరీస్‌లూ కలిపి 1,080 టికెట్లకు తగులుతుంది. నేను కింది నుంచి చదవమనడానికి ఇది లెక్కల కారణం.

రోజుకు యాభై రూపాయలంటే నెలకు పదిహేను వందలు. ఆ పదిహేను వందలూ నెలనెలా రికరింగ్ డిపాజిట్టులో వేస్తే, ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే, పదేళ్ళకు సుమారు రెండున్నర లక్షలు. బ్యాంకువాడు ఇంకేం చెబుతాడని నవ్వుకోకండి. ఏడాదికోసారి గురువాయూరు దారిలో ఒక టికెట్టు కొనుక్కోవడాన్ని నేను తప్పు పట్టను. నెలకు ఒకటే అని హద్దు పెట్టుకున్న మా అటెండరుకు ఆ హద్దు ఎవరూ నేర్పలేదు. రోజూ కొనేవాళ్ళనీ, అప్పు చేసి కొనేవాళ్ళనీ చూసినప్పుడు అతనే గుర్తొస్తాడు.

లాటరీలు నిషేధించాక అతను టికెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. కూతురి పెళ్ళి అప్పు పదవీ విరమణ సొమ్ముతో తీర్చాడు. పింఛను కోసం నెలనెలా వచ్చేవాడు. అప్పటికి నేను ఆఫీసరునై లోపలి గదిలో కూర్చునేవాణ్ణి. అయినా వరసలో నిలబడకుండా నేరుగా నా దగ్గరికే వచ్చి పాసుపుస్తకం చేతిలో పెట్టేవాడు. నేను పేజీ తిప్పుతుంటే, "పైన కాదు సార్, కింద చూడండి" అని నవ్వేవాడు. నిల్వ ఎప్పుడూ చివరి వరసలోనే కదా ఉండేది.